బస్తర్ పల్లెలలో ఆరోగ్య విద్య: దాతల ధనం చేసిన పని

వైశాల్యంలో కేరళ రాష్ట్రం కంటె ఒకింత పెద్దదైన బస్తర్ ఒకప్పుడు ఒకే ఒక జిల్లా. 1948లో విలీనమయ్యే వరకు అది సంస్థానం. ఆ తరువాత మధ్యప్రదేశ్‌లో భాగమై, 2000 నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో చేరింది. పరిపాలనా సౌలభ్యం కొరకు ఆ ఒక్క జిల్లాను క్రమంగా బస్తర్, కాంకేర్, దంతెవాడ, బీజాపూర్, నారాయణ్‌పూర్, కొండగావ్, సుక్మా అనే ఏడు జిల్లాలుగా విభజించారు. ఇంద్రావతి, శబరి నదులు ఈ సీమను తడిపి గోదావరిలో కలుస్తాయి. గోండీ, హల్బీ, భత్రీ, ధుర్వా, దోర్లీ భాషలు ఇక్కడి ఇళ్ళలో వినిపిస్తాయి. దక్షిణాన కోంట, భోపాల్‌పట్నం ప్రాంతాలలో తెలుగు కూడ మాట్లాడుతారు. శబరి తీరాన ఉన్న కోంట వారికి రాష్ట్ర రాజధాని రాయపూర్ కంటె భద్రాచలం ఎంతో దగ్గర. జబ్బు ముదిరినప్పుడు సరిహద్దు దాటి అక్కడి ఆసుపత్రికి రావడం ఆ ప్రాంతంవారికి అలవాటే.

ఈ అడవులకు అనాదిగా శత్రువు చలిజ్వరం. మలేరియాలో ప్రాణాపాయకరమైన ఫాల్సిపారం రకం ఇక్కడ అధికం. అది మెదడుకు సోకితే పసిబిడ్డ ఒకటి రెండు రోజులలోనే స్పృహ కోల్పోవచ్చు. ఊరికి, ఆరోగ్య కేంద్రానికి మధ్య వాగు పొంగి ఉంటుంది, లేదా పది పదిహేను కిలోమీటర్ల కాలిబాట ఉంటుంది. అందువల్ల మొదటి రోజుననే జ్వరాన్ని గుర్తించి మందు ఇవ్వగల మనిషి ఆ ఊరిలోనే ఉన్నదా లేదా అన్నదానిపై బిడ్డ బ్రతుకు ఆధారపడి ఉంటుంది. ఆ మనిషికి విద్య నేర్పవచ్చునని ఎవరు కనుగొన్నారు, ఆ పరిశోధనకు ధనం ఎక్కడినుంచి వచ్చింది అని వెదికితే, బస్తర్‌కు ఎంతో దూరాన ఉన్న పెకింగ్, కలకత్తా, గడ్చిరోలి, రౌర్కెలా వంటి ఊళ్ళ పేర్లు వరుసగా వస్తాయి. ఆ వరుసను తెలుసుకొంటే దాతృత్వ ధనం దేనికి పనికివచ్చిందో, దేనికి చాలలేదో తెలుస్తుంది.

చమురు ధనం, కొంకిపురుగు

ప్రజారోగ్యానికి అయ్యే వ్యయంలో సింహభాగం ఎప్పుడూ ప్రభుత్వానిదీ, రోగుల కుటుంబాలదీ. దాతల వాటా చిన్నది. అయితే ప్రభుత్వ ధనానికి లేని ఒక వెసులుబాటు దానికి ఉన్నది. ఫలితం తెలియని ప్రశ్నపై దానిని ఖర్చు పెట్టవచ్చు. ప్రయోగం విఫలమైతే శాసనసభలో సమాధానం చెప్పుకోనక్కరలేదు. పరిశోధనకు, శిక్షణకు అది అక్కరకు వచ్చింది ఈ కారణం చేతనే. అదే వెసులుబాటులో ఒక దోషమూ ఉన్నది. ఏ వ్యాధిని ఎన్నుకోవాలో నిర్ణయించేది రోగి కాదు, దాత.

అమెరికాలో చమురు వర్తకంతో అపార ధనం ఆర్జించిన రాక్‌ఫెల్లర్ కుటుంబం 1913లో తన పేర ఒక ఫౌండేషన్‌ను స్థాపించింది. మరుసటి ఏడు, 1914లో, చైనాలో వైద్యవిద్య కొరకు చైనా మెడికల్ బోర్డు ఏర్పడింది. 1916లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్య పాఠశాలను స్థాపించడానికి కూడ ఆ ఫౌండేషనే ధనమిచ్చింది. భారతదేశానికి ఈ ధనం మొదట వచ్చింది కొంకిపురుగు వ్యాధి పేరున. 1920వ దశకంలో మద్రాసు రాజధానిలో, అనగా నాటి తెలుగు జిల్లాలు కూడ చేరిన ప్రాంతంలో, ఫౌండేషన్ ఆరోగ్య విభాగం ఆ పనిని చేపట్టింది. వ్యాధి ఎంత విస్తారంగా ఉన్నదో పరీక్షలు చెప్పాయి. మందు కూడ పనిచేసింది. కాని మరుగుదొడ్డి లేని ఊరిలో, చెప్పులు లేని కాలికి పురుగు మళ్ళీ సోకుతుంది. పని ఎట్లా చేయాలో చూపించి తప్పుకోవడం, నిర్వహణను ప్రభుత్వానికి అప్పగించడం ఆ సంస్థ పద్ధతి. మరుగుదొడ్లు కట్టించే స్తోమత గాని, ఆసక్తి గాని నాటి వలస ప్రభుత్వానికి లేవు.

చైనాలో చైనా మెడికల్ బోర్డు పెకింగ్ నగరంలో ఒక వైద్య కళాశాలను నిర్మించింది. 1921లో ఘనంగా ప్రారంభోత్సవం జరిగిన ఆ కళాశాల ప్రమాణాలలో ప్రపంచంలోని ఉత్తమ సంస్థలతో పోటీ పడింది. బోధన ఆంగ్లంలో సాగేది. ఏటా పట్టభద్రులయ్యేవారు కొద్దిమందే. కోట్లాది గ్రామీణులున్న దేశానికి ఈ కొద్దిమంది ఏమి చేయగలరన్న ప్రశ్న ఆనాడే లేచింది. దానికి జవాబు వెదికినవారు ఆ కళాశాలలోనే పుట్టారు. చైనాలో కెనడా మిషనరీల ఇంట జన్మించి, జాన్స్ హాప్‌కిన్స్‌లో ప్రజారోగ్యం చదివిన జాన్ గ్రాంట్ అక్కడ ఆచార్యుడయ్యాడు. రోగాన్ని వార్డులో కంటె వాడలో చూడవలసి ఉన్నదని ఆయన విద్యార్థులకు నేర్పాడు. ఆయన శిష్యుడు చెన్ ఝిచియాన్ 1930వ దశకం ఆరంభంలో డింగ్‌షియాన్ అనే గ్రామీణ మండలంలో ఒక ప్రయోగం చేశాడు. దానికి అమెరికాలోని మిల్‌బ్యాంక్ స్మారక నిధి సాయపడింది. ఊరి రైతులలో చదవను వ్రాయను వచ్చిన వారిని ఎన్నుకొని, కొద్దిరోజులు శిక్షణ ఇచ్చి, చిన్న మందుల పెట్టె చేతికిచ్చారు. మశూచి టీకా వేయడం, జనన మరణాలు వ్రాయడం, గాయానికి కట్టు కట్టడం, బావి శుభ్రంగా ఉంచడం వారి పనులు. 1937లో జపాను దండయాత్రతో ఆ పని ఆగిపోయింది. కాని ఊరి మనిషి చేతి మందుల పెట్టె అనే భావన నిలిచింది. 1960వ దశకంలో చైనాలో ‘చెప్పులు లేని వైద్యులు’ అన్న పేరున లోకమంతటికీ తెలిసినది దాని రూపమే.

కలకత్తా, సింగూర్, కాకినాడ

1932 డిసెంబరు 30న కలకత్తాలో అఖిల భారత ఆరోగ్య, ప్రజారోగ్య సంస్థ ప్రారంభమైంది. భవనానికి, పరికరాలకు ధనమిచ్చింది రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్. నిర్వహణ భారత ప్రభుత్వానిది. 1939లో జాన్ గ్రాంట్ పెకింగ్ అనుభవాన్ని వెంటబెట్టుకొని ఆ సంస్థకు డైరెక్టరుగా వచ్చాడు. హుగ్లీ జిల్లాలోని సింగూర్‌లో పల్లె ఆరోగ్య శిక్షణ కేంద్రం అదే ఏట వెలసింది. ప్రజారోగ్యం అభ్యసించే వైద్యుడు, నర్సు, పారిశుధ్య తనిఖీదారు అక్కడ గ్రామంలో ఇంటింటికి తిరిగి నేర్చుకోవలసి ఉండేది. 1943లో నియమితమై 1946లో నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వ్యవస్థను సూచించింది. ఆ సూచనలలో సింగూర్ అనుభవపు జాడ కనిపిస్తుంది. బస్తర్‌లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కూడ మూలపత్రం ఆ నివేదికే.

దాతలందరూ విదేశీయులేనన్న అభిప్రాయం సరికాదు. కోరంగి ప్రాంతంనుంచి రంగూనుకు వెళ్ళి వర్తకంలో ధనవంతుడైన మల్లాడి సత్యలింగ నాయకర్ తన ఆస్తిని ధర్మకార్యాలకు వ్రాసి ఇచ్చాడు. కాకినాడలో ఆయన పేరనున్న ధర్మసంస్థ సాయానికి మామగారు కూర్చి ఇచ్చిన సొమ్ము తోడుకాగా, 1920వ దశకం ఆరంభంలో యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదవడానికి బోస్టన్ చేరాడు. ఆయన నాయకత్వంలోని పరిశోధకులు 1947లో వెలువరించిన డైఇథైల్ కార్బమజీన్ అనే మందును బోదకాలు నిర్మూలనకై భారతదేశంలో ఊరూరా మింగిస్తున్నారు. ఛత్తీస్‌గఢ్‌లోని పలు జిల్లాలు కూడ ఈ కార్యక్రమంలో చేరి ఉన్నాయి. ఒక విద్యార్థి ఓడ ప్రయాణానికి, చదువుకు ఇచ్చిన సొమ్ము ఇంత దూరం ప్రయాణించడం అరుదే అయినా, దాత ముందుగా లెక్కవేయగల విషయం కాదు.

పొరుగు జిల్లా చేసిన పరిశోధన

బస్తర్‌కు పడమట మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా ఉన్నది. అవే అడవులు, అవే గోండు గూడేలు. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు జాన్స్ హాప్‌కిన్స్‌లో ప్రజారోగ్యం చదివి, స్వదేశానికి తిరిగివచ్చి, 1980వ దశకం మధ్యలో ఇక్కడ ‘సెర్చ్’ అనే సంస్థను స్థాపించారు. అంతకుముందు 1970లో అదే మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో పని ప్రారంభించిన డాక్టర్ రజనీకాంత్ ఆరోలే, డాక్టర్ మేబెల్ ఆరోలే దంపతులదీ అదే విద్యాలయం. చదువు రాని గ్రామ స్త్రీలు సైతం ఆరోగ్య కార్యకర్తలు కాగలరని వారు చూపారు. గడ్చిరోలిలో దానికి మరొక మెట్టు చేరింది. ఆ స్త్రీల పని వలన మరణాలు నిజంగా తగ్గుతున్నవా అని కొలిచి చూడటమే ఆ మెట్టు.

పసిబిడ్డలకు వచ్చే న్యూమోనియాను ఊపిరి వేగాన్ని బట్టి గుర్తించవచ్చు. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి అరవై సార్లు, ఏడాది లోపు బిడ్డ యాభై సార్లు, అంతకంటె ఎక్కువ ఊపిరి తీస్తే అనుమానించాలి. మంత్రసానికి అరవై వరకు లెక్క రాకపోతే? గడ్చిరోలి వారు పూసల చట్రం, ఒక్క నిమిషపు ఇసుక గడియారం కలిపి ఒక సాధనం తయారు చేశారు. పది శ్వాసలకు ఒక పూస చొప్పున జరపాలి. ఇసుక జారడం పూర్తికాకముందే పూసలు అయిపోతే అది న్యూమోనియా, మందు ఇవ్వాలి. ఆ స్త్రీకి పది వరకు లెక్క వస్తే చాలు. ఈ సాధనానికి అయిన ఖర్చు స్వల్పం. దాని వెనుక ఉన్న ఆలోచనకు మాత్రం పల్లెలో సంవత్సరాల తరబడి కూర్చోవలసి వచ్చింది. అటువంటి కాలానికి జీతం ఇచ్చే పద్దు ప్రభుత్వ లెక్కలలో ఆనాడు దొరికేది కాదు.

1990వ దశకంలో వారు నవజాత శిశువుల వైపు తిరిగారు. 39 గ్రామాలలో, కొంత చదువుకున్న స్థానిక స్త్రీలకు శిక్షణ ఇచ్చారు. కాన్పు అయిన ఇంటికి వెళ్ళడం, బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, తల్లిపాలు పట్టించడం, రక్తంలో విషక్రిమి సోకిన లక్షణాలు కనిపిస్తే సూదిమందు ఇవ్వడం నేర్పారు. పోల్చిచూడటానికి మరి 47 గ్రామాలను ఎన్నుకొన్నారు. మూడవ ఏట, పోలిక గ్రామాలతో చూచినప్పుడు, పుట్టిన 28 రోజుల లోపు శిశు మరణాల రేటు 62 శాతం తగ్గినట్లు తేలింది. 1999లో లండన్ వైద్య పత్రిక ‘లాన్సెట్’ ఈ ఫలితాలను ప్రచురించింది. ఈ పరిశోధనకు అమెరికాలోని ఫోర్డ్, మెకార్థర్ ఫౌండేషన్లు ధనసాయం చేశాయి. వైద్యుడు కాని స్త్రీ చేతికి సూది ఇవ్వడమా అని వృత్తివర్గాలలో అభ్యంతరం వచ్చింది. సూది ఇవ్వని గ్రామాలలో బిడ్డలు ఎందరు పోతున్నారో ఎదురుగా లెక్క ఉండటం వలన ఆ అభ్యంతరం అంత సులభంగా నెగ్గలేదు. 2011లో భారత ప్రభుత్వం ఇంటివద్ద నవజాత శిశు సంరక్షణను ఆశా కార్యకర్తల విధులలో చేర్చింది. ఇంట కాన్పు అయితే మొదటి 42 రోజులలో ఏడుసార్లు, ఆసుపత్రిలో అయితే ఆరుసార్లు ఆమె ఆ గడప తొక్కాలి.

‘మితానిన్’ అంటే

ఛత్తీస్‌గఢ్‌లో ఇద్దరు బాలికలు పెద్దల ఎదుట లాంఛనంగా స్నేహం కట్టుకొనే ఆచారం ఉన్నది. అట్లా ముడిపడిన స్నేహితురాలే మితానిన్. ఆ బంధం వివాహంతో తెగిపోదు; రెండు కుటుంబాలు చుట్టాల వలె మెలగుతాయి. కొత్త రాష్ట్రం 2002లో తన గ్రామ ఆరోగ్య కార్యక్రమానికి ఈ పేరు పెట్టడం ఎంతో తగినది. జ్వరం వచ్చిన ఇంటికి ప్రభుత్వోద్యోగి వస్తే ఒక విధంగా ఉంటుంది. నేస్తురాలు వస్తే మరొక విధంగా ఉంటుంది.

ఈ కార్యక్రమాన్ని రూపొందించి, పాఠ్యాంశాలు సమకూర్చి, శిక్షకులను తయారుచేయడానికి రాష్ట్ర ఆరోగ్య వనరుల కేంద్రం అనే ప్రత్యేక సంస్థ వెలిసింది. ప్రభుత్వానికి, యాక్షన్ ఎయిడ్ అనే స్వచ్ఛంద సంస్థకు మధ్య కుదిరిన ఒప్పందమే దానికి ఆధారం. కార్యక్రమానికి యూరోపియన్ కమిషన్ ఆర్థిక సాయం కూడ తోడ్పడింది. ప్రభుత్వేతరులు ఆలోచించి, ప్రభుత్వం అమలు జరపడం ఇందలి విశేషం. మొదట కొన్ని బ్లాకులలో ప్రయోగించి, ఆపై రాష్ట్రమంతటా విస్తరింపజేశారు. పంచాయతీకి ఒకరు కాక, ప్రతి ‘పారా’కు, అనగా ప్రతి వాడకు ఒక స్త్రీని ఎన్నుకొన్నారు. ఇళ్ళు దూరదూరంగా విసిరేసినట్లుండే బస్తర్ వంటి చోట ఈ చిన్న మార్పు విలువ చాలా పెద్దది. ఒక ఊరికి నాలుగు వాడలుంటే, వాటి మధ్య అడవి ఉంటుంది. కళాజాతాల పాటలు, ఆటలు ముందుగా ఊరిని సిద్ధం చేసేవి. తరువాత వాడవారు కూర్చొని మితానిన్‌ను ఎన్నుకొనేవారు. శిక్షణ ఒకేసారి కాక విడతలు విడతలుగా సంవత్సరాల పాటు సాగింది. రాష్ట్రంలో వారి సంఖ్య క్రమంగా సుమారు 70 వేలకు చేరింది.

2005లో దేశమంతటా గ్రామీణ ఆరోగ్య మిషన్ ఆరంభమై, ‘ఆశా’ కార్యకర్తల వ్యవస్థను నెలకొల్పినప్పుడు, ముందున్న నమూనాలలో మితానిన్ ముఖ్యమైనది. ఒక లోపాన్ని ఇక్కడ చెప్పక తప్పదు. మొదట మితానిన్‌కు వేతనం లేదు, సేవాభావమే ప్రతిఫలమన్నారు. ఇప్పపువ్వు, తునికాకు ఏరుకొని బ్రతికే స్త్రీ ఒక రోజు కూలి మానుకొని ఉచితంగా పనిచేయాలని కోరడం న్యాయం కాదు. తరువాత పనినిబట్టి ప్రోత్సాహకాలు ఏర్పడ్డాయి. శిక్షణకు దాతలు దొరికినంత సులభంగా వేతనానికి దొరకరు. అందుకు తప్పంతా వారిదే అనడం కూడ సరికాదు. వేతనం ఏడాదికేడాది రావలసినది, అది ఖజానా బాధ్యత.

భాషది మరొక చిక్కు. శిక్షణ పుస్తకాలు హిందీలో ఉంటాయి. బస్తర్ లోపలి గ్రామాలలో హిందీ బడిభాష, కచేరీభాష. గోండీలో ఆలోచించే స్త్రీకి ‘నిర్జలీకరణం’ అన్న మాట చెప్పితే ఏమీ తెలియదు. బొమ్మలు, పాటలు, పూసలు ఆ అగాధాన్ని కొంత పూడ్చాయి. ఊరి సిరహా, గునియా వంటి సంప్రదాయ వైద్యులతో తగవు పెట్టుకోక, మంత్రం తరువాతనైనా రక్తపరీక్షకు రమ్మని నచ్చచెప్పగలిగినది స్థానిక స్త్రీ మాత్రమే. నారాయణ్‌పూర్‌లో 1985 నుంచి పనిచేస్తున్న రామకృష్ణ మిషన్ ఆశ్రమం విరాళాల అండతో అబూజ్‌మాఢ్ లోపలికి విద్యను, వైద్యాన్ని చేర్చింది. సాయుధ సంఘర్షణ తీవ్రంగా ఉన్న రోజులలో, 2006 నుంచి, అంతర్జాతీయ దాతల ధనంతో నడిచే ‘సరిహద్దులు లేని వైద్యులు’ సంస్థ ఛత్తీస్‌గఢ్, ఆంధ్ర సరిహద్దు గ్రామాలలో సంచార వైద్యశాలలు నడిపింది. ఇవి పరిశోధన కొరకు కాక సేవ కొరకు వెలసినవి. కాని లోపలి గ్రామాలకు వైద్యం చేరగలదని చూపాయి.

వైద్యుడు లేని చోట ఎవరు?

మితానిన్ రోగాన్ని గుర్తించి పంపిన తరువాత, ఆరోగ్య కేంద్రంలో వైద్యుడు ఉండాలి. బస్తర్‌లో ఆ కుర్చీ ఖాళీగా ఉండటం పాతకథ. కొత్త రాష్ట్రం 2001లో మూడేళ్ళ వైద్య కోర్సు ఒకటి ప్రవేశపెట్టింది. వైద్య వృత్తిసంఘాల వ్యతిరేకత నడుమ ఆ కోర్సు కొన్నేళ్ళకే నిలిచిపోయింది. అప్పటికే ఉత్తీర్ణులైనవారిని గ్రామీణ వైద్య సహాయకులుగా మారుమూల కేంద్రాలలో నియమించారు. వీరు పనికివస్తారా, ప్రమాదమా అన్న వాదం చాలాకాలం ఊహలమీదనే నడిచింది.

2006లో ఏర్పడిన భారత ప్రజారోగ్య ఫౌండేషన్ ఈ వాదాన్ని పరీక్షకు పెట్టింది. ఆ ఫౌండేషన్‌కు కేంద్ర ప్రభుత్వం, అమెరికాలోని గేట్స్ ఫౌండేషన్, స్వదేశీ దాతలు కలిసి మూలధనం సమకూర్చారు. హైదరాబాదులో 2008లో ఆరంభమైన ప్రజారోగ్య విద్యాసంస్థ కూడ దానిదే. జాతీయ, రాష్ట్ర ఆరోగ్య వనరుల కేంద్రాలతో కలిసి ఆ ఫౌండేషన్ ఛత్తీస్‌గఢ్ ఆరోగ్య కేంద్రాలలో అధ్యయనం జరిపి 2010లో నివేదిక వెలువరించింది. మలేరియా, అతిసారం, న్యూమోనియా వంటి సాధారణ వ్యాధుల చికిత్సలో మూడేళ్ళ శిక్షణ పొందిన సహాయకుల సామర్థ్యం ఎం.బి.బి.ఎస్. వైద్యులతో సమానంగా ఉన్నదని అది తేల్చింది. కోర్సు పునరుద్ధరణ జరగలేదు. పరిశోధన ఒక వాదానికి ఆధారం ఇవ్వగలదు, నిర్ణయం చేయించలేదు. 2006లోనే జగదల్‌పూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభం కావడం మరొక మార్గం. అది పట్టణానికి ఎంతో మేలు చేసింది. అక్కడ చదివినవారు ఓర్ఛాకో జగర్‌గుండాకో వెళ్ళి ఉండేలా చేయడం వేరే పని.

మలేరియా: ఒక మందు నడిచిన దారి

ప్రాణాపాయ స్థితిలో ఉన్న మలేరియా రోగికి దశాబ్దాల పాటు క్వినైన్ ఒక్కటే దిక్కు. చైనా శాస్త్రజ్ఞులు 1970వ దశకంలో ఒక మూలికనుంచి వేరుచేసిన ఆర్టిమిసినిన్‌కు సంబంధించిన ఆర్టిసునేట్ సూదిమందు అంతకంటె మేలైనదా అన్న ప్రశ్నకు జవాబు కావాలంటే, తీవ్రరోగులు అధికంగా వచ్చే ఆసియా ఆసుపత్రులలోనే పోల్చిచూడాలి. బ్రిటిష్ ఔషధ వ్యాపారి హెన్రీ వెల్‌కమ్ వీలునామా ప్రకారం 1936లో ఏర్పడిన వెల్‌కమ్ ట్రస్టు ఇందుకు ధనమిచ్చింది. బ్యాంకాక్ కేంద్రంగా మయన్మార్, బంగ్లాదేశ్, ఇండోనేషియా, భారతదేశాలలో 1,461 మంది రోగులపై పరీక్ష సాగింది. భారతదేశపు కేంద్రం ఒడిశాలోని రౌర్కెలా ఉక్కు కర్మాగారపు ఆసుపత్రి. బస్తర్ వలెనే అదీ అడవుల మలేరియా సీమ. 2005లో ఫలితాలు వెలువడ్డాయి. క్వినైన్ పొందినవారిలో నూటికి 22 మంది మరణిస్తే, ఆర్టిసునేట్ పొందినవారిలో 15 మంది మరణించారు. లోకమంతటా చికిత్స మారింది. జగదల్‌పూర్ ఆసుపత్రిలో తీవ్ర మలేరియాతో చేరిన బిడ్డకు ఇచ్చే సూదిమందు వెనుక ఉన్నది ఈ లెక్కే.

ఆసుపత్రికి రాకముందే వ్యాధిని పట్టడం కొరకు 2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ‘మలేరియా ముక్త బస్తర్’ ఉద్యమాన్ని ఆరంభించింది. జ్వరం ఉన్నా లేకపోయినా ఇంటింటా అందరి వేలినుంచి రక్తపు చుక్క తీసి పరీక్షించారు. మొదటి విడతలో సుమారు 14 లక్షల మందిని పరీక్షించగా 64 వేలకు పైగా మందిలో మలేరియా కనిపించింది. వారిలో సగానికి పైగా మందికి ఏ లక్షణమూ లేదు. అటువంటివారు పొలానికి వెళ్తారు, సంతకు వెళ్తారు; దోమకు వారే నిలువ గాదె. మందు మొదటి మోతాదును కార్యకర్త ఎదుటనే, ఏదైనా తినిపించి, మింగించారు. తరువాతి విడతలలో పరీక్షించిన నూరుగురిలో ఒకరికంటె తక్కువమందిలోనే వ్యాధి బయటపడింది. ఈ పనికి వాగులు దాటి నడిచినవారిలో మితానిన్‌లు ముందున్నారు. పరీక్షా పట్టీలు, మాత్రలు, దోమతెరలు ఇంత పెద్ద ఎత్తున సమకూర్చడం ఏ ఒక్క ధర్మసంస్థకూ సాధ్యం కాదు. అది ప్రభుత్వం చేసిన పని. మందు ఎంపిక, కార్యకర్త శిక్షణ, లక్షణాలు లేని సోకు ఎంత ముఖ్యమో అన్న తెలివిడి మాత్రం అనేక దేశాలలో, అనేకుల విరాళాలతో సాగిన పరిశోధన నుంచి వచ్చినవి.

దాతలు చూడని జబ్బులు కూడ ఇక్కడ ఉన్నాయి. కొడవలి కణ రక్తహీనత గిరిజన కుటుంబాలను తరాలుగా పీడిస్తున్నది. దానిపై జాతీయ మిషన్ 2023లో గాని ఆరంభం కాలేదు. పాముకాటు, స్త్రీలలో రక్తహీనత, పసివారిలో ఆకలి వలన వచ్చే క్షీణత వంటివాటికి అంతర్జాతీయ నిధులలో స్థానం స్వల్పం. ఒక వ్యాధికి నిధి వచ్చినప్పుడు కార్యకర్తలు దానివెంట పరుగెత్తడం, గడువు తీరగానే ఆ పని సన్నగిల్లడం ఆసియా అంతటా చూచినదే. విదేశీ విరాళాల నియంత్రణకు 1976లో మొదటి చట్టం, 2010లో దాని స్థానంలో మరొకటి వచ్చాయి. 2020 సవరణ ప్రకారం ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరొక సంస్థకు ఇవ్వరాదు. జవాబుదారీతనం ఈ నియమాల లక్ష్యం. అయితే పెద్ద సంస్థల ద్వారా సాయం పొందే చిన్న పల్లె సంస్థలు తమ ఆధారాన్ని వేరుగా వెదుక్కోవలసి వచ్చింది. 2013 కంపెనీల చట్టం లాభాలలో రెండు శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించమన్నది. 2015 నుంచి జిల్లా ఖనిజ నిధులు ఏర్పడ్డాయి. బీజాపూర్ వంటి చోట్ల నిపుణ వైద్యులకు జీతాలివ్వడానికి ఈ ఖనిజ నిధి తోడ్పడింది. దీనిని దానమని పిలవరాదు. అది ఆ నేల ఖనిజంలో ఆ నేలవారి వాటా.

బైలాడిల్లా కొండలనుంచి 1968 మొదలు ఇనుప ఖనిజాన్ని త్రవ్వుతున్న జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ కేంద్ర కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. 2010వ దశకం ఆరంభం నుంచి ఆ సంస్థ బస్తర్ గిరిజన బాలికలను ఎంపిక చేసి, హైదరాబాదులోని ఒక ప్రముఖ నర్సింగ్ కళాశాలలో చదివిస్తున్నది. ఫీజు, వసతి, భోజనం సంస్థ ఖర్చే. ఇంట గోండీ లేదా హల్బీ, బడిలో హిందీ, తరగతిలో ఆంగ్లం, వార్డులో రోగి నోట తెలుగు: నాలుగు భాషల నడుమ ఆ బాలిక నాడి చూడటం, సెలైన్ పెట్టడం నేర్చుకొంటుంది. చదువు ముగిసిన తరువాత పెద్ద నగరపు ఆసుపత్రి పిలుపు ఒకవైపు, దంతెవాడ పిలుపు మరొకవైపు. తిరిగి వచ్చే నర్సుకు ఆరోగ్య ఉపకేంద్రంలో ఖాళీ ఉద్యోగం, ఉండటానికి గది, రాత్రివేళ కాన్పు వస్తే తోడు రాగల మరొక మనిషి కావాలి. ఆ ఉద్యోగాలు, ఆ గదులు మంజూరు చేయవలసినది రాయపూర్‌లోని ఆరోగ్య శాఖ.